హెచ్.పి.వి. పరీక్ష: ఫలితమును ఎంతవరకు నమ్మవచ్చును?

గ్రామములోని బావినీటిని పరీక్షకు పంపినప్పుడు, ఫలితము వచ్చిన పిమ్మట పంచాయతీ సభ్యులు దానిని చదివి తగిన ఏర్పాటు చేయుట వాడుక. స్త్రీ శరీరమునకు సంబంధించిన పరీక్ష అట్టిది కాదు. దాని ఫలితము ఆమెకును, ఆమెకు వైద్యము చేయువారికిని మాత్రమే తెలియదగినది. అయినను ఆ పరీక్ష ఎట్టిదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో సభ్యులు తెలిసికొని యుండుట అవసరము. శిబిరమునకు పాఠశాల గది కావలెనన్నను, ఆ ఉదయము స్త్రీలు కూలిపనులు మాని రావలెనన్నను ఆరోగ్య కార్యకర్తలు మొదట వచ్చునది మీ యొద్దకే. ఫలితము వచ్చిన తరువాత ఏ ఇంటనైనను కలహము పుట్టినచో, ఆ తగవు వచ్చి కూర్చుండునదియు మీ అరుగు మీదనే.

ఈ పాఠములో మేము చెప్పబోవునది గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు మూలమైన వైరసును కనుగొను ప్రయోగశాల పరీక్షను గూర్చి. ఆ పరీక్ష మంచిదే. అయితే అది ఏ ప్రశ్నకు సమాధానము చెప్పునో తెలియక ఆ సమాధానమును వాడుకొన్నచో మేలుకు బదులు కీడు కలుగును.

వ్యాధియు, దాని మూలమును

మన దేశములో 2022వ సంవత్సరమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా వచ్చినదనియు, సుమారు 80,000 మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. గర్భసంచికి వాకిలి వంటి భాగమును ముఖద్వారమందురు. అక్కడి పొరలో మొదట కొద్దిపాటి మార్పు వచ్చును. ఆ మార్పు ముదిరి క్యాన్సరుగా మారుటకు సాధారణముగ 10 నుండి 20 సంవత్సరములు పట్టును. ఇంత దీర్ఘమైన వ్యవధి ఇచ్చు క్యాన్సరులు తక్కువ. ఆ వ్యవధిలో మార్పును కనుగొన్నచో, చెడిన పొరను వేడి తగిలించి మాడ్చివేయుటయో, కోసి తీసివేయుటయో సరిపోవును. పెక్కు సందర్భములలో గర్భసంచిని తీయవలసిన పనిలేదు. ఆ వ్యవధి దాటినచో ఆ ఇల్లు ఆస్తులమ్మి నగరములోని పెద్ద ఆసుపత్రి చుట్టు తిరుగవలసివచ్చును.

ఈ వ్యాధికి హ్యూమన్ పాపిలోమా వైరసు కారణమని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ చూపినాడు. ఆయన బృందము 1983లో ఈ వైరసు యొక్క 16వ రకమును, 1984లో 18వ రకమును క్యాన్సరు కణజాలములో కనుగొన్నది. అందులకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరసులో 200కు పైగా రకములు కలవు. వానిలో అధిక భాగము నిరపాయములు. కొన్ని చేతిమీద పులిపిరులను మాత్రమే కలిగించును. సుమారు డజను రకములు మాత్రమే క్యాన్సరునకు దారితీయును. ప్రపంచములోని ముఖద్వార క్యాన్సరులలో నూటికి 70 వరకు 16, 18 రకముల వలననే కలుగుచున్నవి.

ఇక్కడ ఒక మాట గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. వైరసు ఉండుట వేరు, వ్యాధి ఉండుట వేరు. దాంపత్య జీవనము గల స్త్రీపురుషులలో అధిక సంఖ్యాకులకు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరసు సోకును. సోకిన వారిలో చాలమందికి ఒకటి రెండు సంవత్సరములలో, ఏ మందు అక్కరలేకయే, శరీరపు రోగనిరోధక శక్తి దానిని అణచివేయును. ఎవరిలో అది ఏండ్ల తరబడి నిలిచిపోవునో వారికే అపాయము. పడుచు వయస్సులో సోకిన వైరసు చాలవరకు తానే పోవును గనుకనే, సాధారణ స్త్రీలకు ఈ పరీక్షను 30 ఏండ్ల నుండి మొదలుపెట్టవలెననియు, 5 నుండి 10 ఏండ్లకొకసారి చేసిన చాలుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలకు మాత్రము 25వ ఏటినుండి, 3 మొదలు 5 ఏండ్లకొకసారి చేయవలెనన్నది.

పరీక్ష చూచునదేమి?

ముఖద్వారము నుండి చిన్న బ్రష్షుతో తీసిన కణములలో వైరసు యొక్క జన్యుపదార్థము కలదా, లేదా? పరీక్ష చూచునది ఇంతే. అది పుండును చూడదు, గడ్డను చూడదు, క్యాన్సరును చూడదు. ‘పాజిటివ్’ అను మాటకు ‘ఈ స్త్రీకి క్యాన్సరు కలదు’ అని అర్థము చెప్పుట తప్పు.

చూచు విధానములు ముఖ్యముగ రెండు. మొదటిది ఉన్న జన్యుపదార్థమును పెంచక, దానికి అతుకుకొను మరొక పదార్థమును కలిపి, వచ్చు వెలుగును కొలుచుట. హైబ్రిడ్ కాప్చర్-2 అను పేరుగల పరీక్ష ఈ తరగతికి చెందినది. చాల దేశములలో ఎన్నో ఏండ్లు ఇదియే కొలమానముగ నిలిచినది. ఇది 13 రకములను ఒక్కుమ్మడిగ వెదకును. ఏ రకమో విడదీసి చెప్పదు. ఒక మిల్లీలీటరులో సుమారు ఒక పికోగ్రాము, అనగా గ్రాములో లక్ష కోట్లవ వంతు, వైరసు జన్యుపదార్థము ఉన్నచో ‘ఉన్నది’ అనును. తన పట్టికలో లేని, అపాయము లేని కొన్ని దగ్గరి రకములకు కూడ ఒక్కొక్కప్పుడు వెలుగు చూపుట దీని లోపము.

రెండవది పి.సి.ఆర్. పద్ధతి. కోవిడ్ నాళ్లలో ఈ మాట ప్రతి గ్రామమునకు పరిచయమైనదే. ఇందులో జన్యుపదార్థమును ప్రతి ఆవృత్తిలో రెట్టింపు చేయుచు పోవుదురు. ఒక్క ముక్కతో మొదలిడి 30 ఆవృత్తులు నడిపినచో సిద్ధాంతము ప్రకారము 107 కోట్ల ముక్కలగును. అందువలన అత్యల్పముగ ఉన్న వైరసును సైతము ఇది పట్టగలదు. దీని బలమే దీని బలహీనత. ప్రక్క నమూనా నుండి ఒక్క తుంపర వచ్చి పడినను అదియు కోట్లకు పెరుగును; లేని వైరసు ఉన్నట్లు కనబడును. మంచి ప్రయోగశాలలు నమూనాను సిద్ధపరచు గదిని, పెంచు గదిని వేరువేరుగ ఉంచుటకు కారణమిదియే. ప్రతి విడతలోను వైరసు లేదని తెలిసిన ఒక నమూనాను కూడ కావలెననియే చేర్చి నడిపెదరు. దానిలో ‘ఉన్నది’ అని వచ్చినచో ఆ విడత మొత్తమును పారవేయవలసినదే.

మరి, మిక్కిలి కొద్దిగ ఉన్న వైరసును పట్టు పరీక్షయే మిక్కిలి మంచిదని తోచవచ్చును. అట్లు కాదు. కళ్లములో జల్లెడ పట్టునప్పుడు చూడుడు: కన్ను మరీ పెద్దదైనచో గింజతో పాటు మట్టిబెడ్డయు క్రిందికి జారును, కన్ను మరీ సన్ననిదైనచో బెడ్డతో పాటు మంచి గింజయు పైననే నిలుచును. అట్లే, రెండు నెలలలో తానే పోబోవు వైరసును కూడ పట్టి చూపు పరీక్ష వందలమంది ఆరోగ్యవంతులను ఆసుపత్రి బాట పట్టించును. 2009లో ఐరోపా శాస్త్రజ్ఞులు కొత్త పరీక్షలకు ఒక నియమము నిర్ణయించినపుడు ఈ సంగతినే మనసున ఉంచుకొనిరి. కొత్త పరీక్ష ముదురు మార్పు గల స్త్రీలను కనుగొనుటలో హైబ్రిడ్ కాప్చర్‌కు నూటికి 90 వంతులకు తగ్గరాదు. ఆరోగ్యవంతులను ఆరోగ్యవంతులని చెప్పుటలో నూటికి 98 వంతులకు తగ్గరాదు. ఎంత సూక్ష్మముగ చూచుచున్నది అని కాక, ఏ స్త్రీకి వైద్యము కావలెనో సరిగ ఏరుచున్నదా అని అడిగిన నియమమిది.

రెండు విధములైన తప్పులు

ఏ పరీక్షయైనను రెండు తప్పులు చేయవచ్చును. ఉన్నదానిని లేదనుట ఒకటి, లేనిదానిని ఉన్నదనుట రెండవది. 2017లో కాక్రేన్ సంస్థ అనేక పరిశోధనలను కలిపి చూచి ఒక లెక్క చెప్పినది. 1000 మంది స్త్రీలలో 20 మందికి క్యాన్సరునకు ముందు మార్పులు ఉన్నవనుకొన్నచో, హెచ్.పి.వి. పరీక్ష వారిలో 18 మందిని పట్టును, ఇద్దరిని వదలును. పాప్ పరీక్ష, అనగా కణములను సూక్ష్మదర్శినితో చూచు పాత పద్ధతి, 15 మందిని పట్టి 5 గురిని వదలును. మార్పులు లేని 980 మందిలో హెచ్.పి.వి. పరీక్ష 99 మందికి పాజిటివ్ అని చెప్పును.

ఈ లెక్కను మీ గ్రామమునకు దింపి చూతము. శిబిరమునకు 500 మంది స్త్రీలు వచ్చిరనుకొనుడు. మార్పులు గలవారు 10 మంది. పరీక్ష 9 మందిని పట్టినది, ఒక్కరిని వదలినది. మార్పులు లేకయే పాజిటివ్ అనిపించుకొన్నవారు 50 మంది. అనగా పాజిటివ్ వచ్చిన 59 మంది వరుసగ నిలుచున్నచో, వారిలో 50 మందికి చికిత్స చేయవలసిన మార్పు ఏదియు లేదు! పరీక్ష పనికిరానిదని దీని అర్థము కాదు. ఆ 50 మందిలో చాలమంది విషయమున ప్రయోగశాల తప్పు చేయలేదు. వారిలో వైరసు నిజముగనే ఉన్నది, అయితే అది ఏ హానియు చేయలేదు. పరీక్ష 500 మందిలో 441 మందిని నిశ్చింతగ ఇంటికి పంపినది, 59 మందిని మరొకమారు చూడుడని వైద్యునికి అప్పగించినది. ఈ మాటను శిబిరమునకు ముందుగనే స్త్రీలకు చెప్పవలెను. ఫలితము చేతికి వచ్చి, గుండె జారిన పిదప చెప్పినచో ఎవ్వరి చెవికిని ఎక్కదు.

‘లేదు’ అను మాటకు గల బలము

పాజిటివ్ కంటె నెగటివ్ ఫలితమే ఈ పరీక్షలో ఎక్కువ బలము గలది. దీనికి సాక్ష్యము మనకు దూరముననున్న దేశములో కాదు, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమై యుండిన ఉస్మానాబాదు జిల్లా పల్లెలలోనే దొరకినది. నేడు ఆ జిల్లా మహారాష్ట్రములో ధారాశివ్ అను పేరుతో నున్నది. 1999లో అక్కడ డాక్టరు రెంగస్వామి శంకరనారాయణన్ ప్రభృతులు 52 గ్రామ సముదాయములలో 30 నుండి 59 ఏండ్ల వయస్సు గల 1,31,746 మంది స్త్రీలను నాలుగు వర్గములుగ చేసి ఒక పెద్ద పరిశోధన నడిపిరి. ఒక వర్గమునకు హెచ్.పి.వి. పరీక్ష, ఒకదానికి పాప్ పరీక్ష, ఒకదానికి వినెగారు వంటి ద్రావణము పూసి కంటితో చూచు పరీక్ష. నాల్గవ వర్గమునకు వాడుకలోనున్న వైద్యసదుపాయము మాత్రమే. పరీక్ష జరిగినది ఒక్కమారే. 8 సంవత్సరములు వారిని గమనించి 2009లో ఫలితములు ప్రకటించిరి.

హెచ్.పి.వి. వర్గములో 34,126 మందికి గాను ఈ క్యాన్సరుతో మరణించినవారు 34 మంది. పరీక్ష లేని వర్గములో 31,488 మందికి గాను 64 మంది. ముదిరిన దశలో బయటపడిన క్యాన్సరులు మొదటి వర్గములో 39, పరీక్ష లేని వర్గములో 82. మరియొక సంఖ్య మాకు ఇంకను ముఖ్యముగ తోచినది. హెచ్.పి.వి. పరీక్షలో ‘లేదు’ అనిపించుకొన్న స్త్రీలలో తరువాత ఈ క్యాన్సరు వచ్చినది ఏటా లక్షకు సుమారు నలుగురికి మాత్రమే. మిగిలిన రెండు పరీక్షలలో ‘లేదు’ అనిపించుకొన్నవారిలో లక్షకు సుమారు 16 మందికి. పరీక్ష లేని వర్గపు స్త్రీలను అట్లు విడిచిపెట్టుట న్యాయమా అని తరువాత విమర్శలు వచ్చినవి; ఆ విమర్శలు త్రోసివేయదగినవి కావని మా అభిప్రాయము. కాని ఆ పల్లె స్త్రీల వలన ప్రపంచమునకు తెలిసిన సంగతిని మరువరాదు.

వినెగారు పరీక్షను చిన్నచూపు చూడవలదు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన విధానములో 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు 5 ఏండ్లకొకసారి చేయవలెనన్నది ఆ పరీక్షనే. ముంబాయి మురికివాడలలో రెండేండ్లకొకసారి దానిని చేయగా ఈ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. అయితే అది చూచువారి కంటిమీద, వారి శిక్షణమీద ఆధారపడును. చూచు మనిషి మారినచో ఫలితము మారవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మేడ్చల్ మండలములో ఈ మూడు పరీక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చేసిన పరిశోధన 2010లో ప్రచురితమైనది.

‘లేదు’ అను ఫలితమునకును హద్దు కలదు. బహిష్టులు ఆగిన పిదప రక్తము కనబడుట, కలయిక తరువాత రక్తము పడుట, దుర్వాసన గల తెలుపు పోవుట వంటి లక్షణములున్న స్త్రీ, ఆరునెలల క్రితము నెగటివ్ వచ్చినదని ఇంట కూర్చుండరాదు. పరీక్ష లక్షణములు లేనివారి కొరకు. లక్షణములున్నవారికి వైద్యుని చూపే పరీక్ష.

ఏ రకము?

ఇంతవరకు ‘ఉన్నదా, లేదా’ అను మాట. ‘ఏ రకము’ అను ప్రశ్న దీనికంటె కష్టమైనది. అన్ని రకములును సమానములు కావు గనుక దానికి విలువ కలదు. 16వ రకము గాని 18వ రకము గాని ఉన్నచో స్త్రీని వెంటనే కాల్పోస్కోపు అను భూతద్దపు పరికరముతో చూడవలెననుట పలుచోట్ల పద్ధతి. ఇతర రకములైనచో మొదట మరొక చిన్న పరీక్ష చేసి, లేదా కొంతకాలమాగి తిరిగి చూచి నిర్ణయింతురు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన కోబాస్ పరీక్ష 16ను, 18ని విడివిడిగ చెప్పి, తక్కిన 12 రకములను ఒక్కటిగ చెప్పును.

రకము తెలియుట వలన మరొక ప్రయోజనము కలదు. ఒక స్త్రీకి నిరుడు పాజిటివ్, ఈ ఏడును పాజిటివ్. నిరుటి వైరసే నిలిచియున్నదా, లేక అది పోయి వేరొకటి వచ్చినదా? రెంటిని ఒక్కుమ్మడిగ చూచు పరీక్ష ఈ భేదము చెప్పలేదు. నిలిచియుండుటయే అపాయమని పైన చెప్పితిమి. భూమి సర్వేలో సంఖ్య వేయక ‘మెట్ట’ అని మాత్రము వ్రాసినచో ఎవరి చెక్కయో తెలియనట్లే ఇదియు.

కాని రకములను విడదీయుటలో పొరపాట్లకు తావెక్కువ. ఒక స్త్రీలో రెండు మూడు రకములు కలిసి ఉండవచ్చును. పి.సి.ఆర్.లో ఎక్కువగ ఉన్న రకము సామగ్రినంతయు తానే వాడుకొనగా, తక్కువగ ఉన్నది పెరుగక మరుగుపడవచ్చును. పరిశోధనలలో విరివిగ వాడబడిన లీనియర్ ఎర్రే అను పరీక్షలో 52వ రకమునకు ప్రత్యేకమైన గుర్తు లేదు. 33, 35, 52, 58 రకములన్నింటికి కలిపి ఒకే గీత పడును. 33గాని, 35గాని, 58గాని ఉన్నట్లు విడిగ తేలినచో, వానితోపాటు 52 కలదో లేదో ఆ గీత చెప్పజాలదు. మరియు, ముదిరిన క్యాన్సరులో వైరసు తన జన్యుపదార్థమును మన కణపు జన్యుపదార్థములో కలిపివేయునపుడు దానిలో కొంత భాగము నశింపవచ్చును. పరీక్ష వెదకు భాగమే నశించినచో, వైరసు ఉండియు లేదని వచ్చును.

ఎన్ని రకములను వెదకవలెననుట కూడ వివాదమే. జాబితాను పెంచినకొలది క్యాన్సరులు స్వల్పముగనే అదనముగ దొరకును. నిష్కారణముగ భయపడు స్త్రీల సంఖ్య మాత్రము చాల పెరుగును. అందుచేత 16, 18, 31, 33, 35, 45, 52, 58 అను ఎనిమిది రకములకు పరిమితమైన పరీక్షలు వచ్చినవి. గోవాలో తయారగు ట్రూనాట్ యంత్రముపై చేయు పరీక్ష ఇట్టిది. క్షయ పరీక్షకు వాడు ఆ చిన్న బ్యాటరీ యంత్రమును ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో మీలో కొందరు చూచియే యుందురు. జాబితా చిన్నదగుట లోపముకాదు. ఏ ఎనిమిది అనునదే ముఖ్యము.

ప్రయోగశాలను ఎవరు పరీక్షింతురు?

సంతలో వర్తకుని తూకపురాయి సరియైనదని ఎట్లు తెలియును? తూనికలు కొలతల శాఖవారి ముద్ర చూచి. ప్రయోగశాలకును అట్టి ముద్రరాయి కావలెను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 16, 18 రకముల జన్యుపదార్థమునకు అంతర్జాతీయ ప్రమాణ నమూనాలను ఏర్పరచినది. వానితో పోల్చి ఏ శాలయైనను తన కొలత సరిచూచుకొనవచ్చును.

2010లో ప్రచురితమైన ఒక ప్రపంచవ్యాప్త పరిశీలనలో 54 ప్రయోగశాలలకు, లోపల ఏమున్నదో చెప్పక, సంకేత సంఖ్యలు మాత్రము వేసి ఒకే విధమైన నమూనాలను పంపిరి. వారు ఇరువదికి పైగా పద్ధతులు వాడిరి. అన్ని శాలల సమాధానములును ఒక్కటిగ లేవు. కొన్ని ఉన్న రకమును గుర్తింపలేకపోయినవి. కొన్ని లేని రకమును ఉన్నదనినవి. ఒకే కిట్టును వాడిన శాలల నడుమ కూడ తేడాలు కనబడినవి. వంటకము రుచి గింజలమీదనే కాక వండు చేతిమీద కూడ ఆధారపడినట్లే ఇదియు. కావున ‘ఏ కిట్టు వాడుచున్నారు?’ అను ప్రశ్నతో తృప్తిపడక, ‘మీ శాలకు వెలుపలివారు గుప్త నమూనాలు పంపి పరీక్షింతురా? గడచినమారు ఫలితమేమి?’ అని కూడ అడుగవలెను. మంచి శాలవారు ఈ ప్రశ్నకు కోపింపరు.

నమూనా తీయుచోట

ప్రయోగశాల ఎంత మంచిదైనను, దానికి చేరిన బ్రష్షులో కణములు లేనిచో అది ఏమి చేయగలదు? ఈ లోపమును కనిపెట్టుటకు కొన్ని పరీక్షలు మన శరీరకణముల జన్యువు ఒకదానిని కూడ వెదకును. అది దొరకనిచో ‘వైరసు లేదు’ అనక ‘నమూనా చెల్లదు’ అని చెప్పును. హైబ్రిడ్ కాప్చర్ వంటి కొన్నింటికి ఈ ఏర్పాటు లేదు; ఖాళీ బ్రష్షుకు కూడ అవి ‘లేదు’ అనియే జవాబిచ్చును. చెల్లని నమూనా వచ్చిన స్త్రీని మరల పిలుచుట కార్యకర్తకు చిన్నతనము కాదు. పిలువకుండుటయే తప్పు.

స్త్రీ స్వయముగ నమూనా తీసికొను పద్ధతి మన గ్రామములకు మిక్కిలి అనుకూలమైనది. సిగ్గుచేత పరీక్షబల్ల ఎక్కనివారు ఎందరో కలరు. తెరచాటున తానే బ్రష్షు త్రిప్పుకొని సీసాలో వేసి ఇచ్చుటకు అంత జంకరు. పి.సి.ఆర్. జాతి పరీక్షలలో ఇట్టి నమూనాలు వైద్యులు తీసిన నమూనాలకు సమానముగ పనిచేసినవని 2018లో ప్రచురితమైన పెద్ద విశ్లేషణ తెలిపినది. వెలుగును కొలుచు జాతి పరీక్షలలో మాత్రము ఇవి కొంత వెనుకబడినవి. కావున స్వయముగ తీసికొను నమూనాకు ఏ జాతి పరీక్ష వాడుచున్నారో అడిగి తెలిసికొనవలెను.

ఇక చీటీలు. ఒకే గ్రామములో నలుగురు లక్ష్మమ్మలు, ముగ్గురు వెంకటమ్మలు ఉందురు. సీసామీద పేరు మాత్రము వ్రాసినచో ఒకరి ఫలితము మరొకరికి పోవుట అసంభవము కాదు. భర్త పేరు, వయస్సు, సంఖ్య మూడును ఉండవలెను. సీసా సంఖ్యయు పుస్తకములోని సంఖ్యయు అక్కడికక్కడే సరిచూడవలెను. వేసవి ఎండలో సీసాలపెట్టెను జీపు పైకప్పుమీద పెట్టి తీసికొనిపోరాదు. తయారుచేసినవారు చెప్పిన వేడిమికి మించి ఉంచిన నమూనా ఫలితమును నమ్మరాదు. ఇవి చిన్న సంగతులుగ తోచవచ్చును. మా దృష్టిలో మిక్కిలి ఖరీదైన యంత్రము దిద్దలేని తప్పులు ఇవియే.

ఇంటిలోని మాట

ఫలితము వచ్చిన నాటి సాయంత్రము ఒక ఇంట ఏమి జరుగునో ఊహించుడు. భార్యకు పాజిటివ్ అని తెలిసినది. ‘ఇది ఎట్లు వచ్చినది?’ అని భర్త, ‘మీవలననే’ అని భార్య, నడుమ అత్తగారు. ఈ పరీక్షకు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు శక్తి లేదు. వైరసు ఎప్పుడు సోకినదో, ఎవరినుండి సోకినదో ఏ ప్రయోగశాలయు చెప్పజాలదు. పెండ్లినాటి తొలి దినములలో సోకి అణగియుండి ఇరువది ఏండ్ల తరువాత కనబడవచ్చును. ఈ కాగితమును నడతకు సాక్ష్యముగ తెచ్చి మీ యెదుట పెట్టు వారికి ఈ మాట స్పష్టముగ చెప్పవలెను. అసలు ఆ కాగితము మీ యెదుటికి రాకుండుటయే మేలు. పాజిటివ్ వచ్చినవారి పేర్లు ఉపకేంద్రపు గోడమీద అంటించుట, గ్రామసభలో చదువుట, వాట్సాప్‌లో పంపుట క్షమింపరానివి.

మరియొక సందేహము మీకు తప్పక ఎదురగును. 2009లో ఖమ్మము జిల్లాలో బాలికలకు ఈ వైరసు టీకాలు వేసిన ప్రయోగాత్మక కార్యక్రమము 2010 ఏప్రిల్‌లో నిలిపివేయబడినది. తల్లిదండ్రుల అనుమతి తీసికొన్న తీరులో లోపములున్నవని తరువాతి విచారణలలో తేలినది. ఆ జ్ఞాపకము వలన ‘హెచ్.పి.వి.’ అనగనే సూదియని బెదరువారు కలరు. ఈ పరీక్షలో సూది లేదు, మందు లేదు. శరీరములోనికి ఏదియు ఎక్కింపబడదు. అయినను, అనుమతి విషయమున ఆనాటి లోపము మరల రాకూడదు. ఆశా కార్యకర్త వేలిముద్ర వేయించుకొనుటకు ముందు, పరీక్ష ఏమి చూచునో, పాజిటివ్ అయినచో తరువాత ఏమి జరుగునో, వలదనుకొన్న స్త్రీకి ఏ సదుపాయమును తగ్గదనియు ఆమె భాషలో చెప్పవలెను.

శిబిరమునకు తేదీ ఇచ్చుటకు ముందు మీరు వైద్యాధికారిని అడుగవలసిన మాటలలో తుదిది ఇది: పాజిటివ్ వచ్చిన స్త్రీలను ఎక్కడ, ఏ దినమున చూతురు? 500 మందికి 59 మంది వరకు రావచ్చునని పైన లెక్క చూచితిమి. ఆ 59 మంది జిల్లా ఆసుపత్రికి పోయి రావలెనన్నచో బస్సు ఛార్జీ, ఒకనాటి కూలి, ఇంట పసిబిడ్డను చూచువారు కావలెను. ఉస్మానాబాదు ఫలితము పరీక్షకు మాత్రమే దక్కినది కాదు. పాజిటివ్ వచ్చినవారిని వెంట తీసికొనిపోయి చూపించి, అవసరమైనవారికి చికిత్స చేయించిన ఏర్పాటుకు కూడ దక్కినది. ఆ తేదీ, ఆ ఆసుపత్రి పేరు, వాహనపు ఏర్పాటు కాగితముమీద వ్రాసి ఇచ్చిన తరువాతనే పాఠశాల గది తాళము ఇవ్వవచ్చును.